టెన్షన్‌ను ఒంటి వైపు నుంచి తగ్గించుకోవడం ఎలా?

"ఊరికే టెన్షన్ పడకు" అని మనవాళ్లు అందరికీ చెబుతుంటారు. ఆ మాట విని టెన్షన్ తగ్గినవాళ్లను నేనైతే చూడలేదు. అప్పటికే విషయం మనసు దాటి ఒంట్లోకి దిగిపోయి ఉంటుంది.

ఎలాగంటే, కిడ్నీల పైన చిన్న టోపీల్లా అడ్రినల్ గ్రంథులుంటాయి. భయం పుట్టగానే అవి అడ్రినలిన్ అనే హార్మోన్ వదులుతాయి. గుండె వేగం, బీపీ పెరుగుతాయి. కొన్ని నిమిషాల్లో కార్టిసాల్ అనే ఇంకో హార్మోన్ కూడా తోడై రక్తంలో చక్కెర పెరుగుతుంది. పొలంలో పాము కనబడితే పరుగెత్తడానికి ఇదంతా బాగా పనికొస్తుంది. పాము పోయాక ఒళ్లు సర్దుకుంటుంది. ఇంటి లోను ఈఎంఐ అలా పోదుగా, ఇరవై ఏళ్లు మనతోనే ఉంటుంది. ఒళ్లేమో రెండింటికీ ఒకేలా స్పందిస్తుంది.

1936లో హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త ఎలుకల్లో ఇదే గమనించాడు. చలి, గాయం, ఎక్కువ మోతాదు మందులు... బాధ ఏదైనా వాటి ఒంట్లో మార్పులు ఒకేలా ఉన్నాయి: అడ్రినల్ గ్రంథులు ఉబ్బడం, రోగనిరోధక శక్తికి అవసరమైన థైమస్ గ్రంథి కుంచించుకుపోవడం, కడుపులో పుండ్లు. (మనుషుల్లో అల్సర్‌కు ముఖ్య కారణాలు హెలికోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా, నొప్పి మాత్రలు. కాబట్టి కడుపునొప్పి వచ్చిన ప్రతిసారీ నెపం టెన్షన్ మీదకి నెట్టకండి.)

మొదటి పని: వారం రోజులు రాయండి

చిన్న నోటుబుక్ తీసుకోండి. ఎప్పుడు, ఒంట్లో ఎక్కడ, అంతకుముందు ఏం జరిగింది అన్న మూడు సంగతులు రాస్తే చాలు. మెడ పట్టేయడం, దవడ బిగుసుకోవడం, కడుపులో మంట, తెల్లవారుజామున మూడింటికే మెలకువ రావడం లాంటివన్నీ రాయండి. ఆదివారం సాయంత్రమే తలనొప్పి వస్తోందని తేలితే, దాని మూలం సోమవారం ఉదయంలో వెతకొచ్చు.

రెండోది: బీపీ సరిగ్గా చూసుకోండి

మెట్లెక్కి వచ్చి, మాట్లాడుతూ చూపించుకున్న బీపీ లెక్కలోకి రాదు. కాఫీ గానీ సిగరెట్ గానీ తాగి అరగంట దాటాలి. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు కుర్చీకి ఆనించి, పాదాలు నేలమీద పెట్టి, 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. చేయి గుండె ఎత్తులో ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి నోటుబుక్‌లో వేయండి. ఇలా కొన్ని రోజులు చూశాక సగటు 135/85 గానీ అంతకు మించి గానీ ఉంటే డాక్టర్‌ను కలవాలి. డాక్టర్ దగ్గరికి వెళితే మాత్రమే పెరిగే బీపీ కూడా ఉంటుంది కాబట్టి, ఒక్క రీడింగ్ చూసి కంగారు పడొద్దు. షుగర్ ఉన్నవాళ్లు ఆ అంకెలూ రాసుకోవాలి.

మూడోది: ఊపిరి వదలడం నిదానించండి

అందరూ "గట్టిగా గాలి పీల్చుకో" అంటారు. అసలు కిటుకు వదలడంలో ఉంది. గాలి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ నాడి గుండెను కాస్త నెమ్మదింపజేస్తుంది. ముక్కుతో 4 అంకెలు లెక్కపెడుతూ పీల్చి, 6 అంకెలు లెక్కపెడుతూ వదలండి. అంటే నిమిషానికి ఆరు ఊపిరులు. రోజుకు రెండుసార్లు, ఐదేసి నిమిషాలు చేయండి. తల తిరిగినట్టుంటే బలవంతంగా పీలుస్తున్నారన్నమాట, ఆపి మామూలుగా ఊపిరి తీసుకోండి. బస్సులో కూర్చుని చేసినా పక్కవాళ్లకు తెలియదు.

నాలుగోది: నడక

పరుగెత్తడానికి ఒళ్లు సిద్ధం చేసిన చక్కెరను కండరాలకు ఖర్చు పెట్టనివ్వండి. వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక్కసారే కుదరకపోతే పదేసి నిమిషాలుగా నడవండి.

ఐదోది: సాయంత్రం కాఫీ సంగతి

కెఫీన్ సగం తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది. ఆరింటికి తాగిన స్ట్రాంగ్ కాఫీలో సగం పదకొండింటికీ మెలకువగానే ఉంటుంది, మీతో పాటు. మధ్యాహ్నం రెండు దాటాక మానేసి పది రోజులు చూడండి. మద్యం తాగితే నిద్ర పడుతుందనుకోవడం ఇంకా పెద్ద పొరపాటు. పట్టిన నిద్ర మధ్యరాత్రి చెదిరిపోతుంది.

ఆరోది: చింతకు ఒక టైమ్ పెట్టండి

వినడానికి నవ్వొస్తుంది గానీ, నాకు వీటన్నిటిలోకీ ఇదే నచ్చింది. రోజూ సాయంత్రం 15 నిమిషాలు కాగితం ముందు కూర్చోండి. ఒకవైపు మన చేతిలో ఉన్నవి, రెండోవైపు లేనివి రాయండి. "పాప కాలేజీ ఫీజు" అని రాసి వదిలేస్తే అది భయంగానే మిగిలిపోతుంది. "శుక్రవారం కాలేజీకి వెళ్లి రెండు వాయిదాల్లో కట్టొచ్చా అని అడగాలి" అని రాస్తే పని అవుతుంది. రాత్రి పడుకున్నాక అదే ఆలోచన మళ్లీ వస్తే, రేపు సాయంత్రం ఆరింటికి రమ్మనండి.

సహాయం ఎప్పుడు తీసుకోవాలి?

రెండు వారాలుగా నిద్ర, తిండి, పని దెబ్బతింటుంటే, చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఆలస్యం చేయొద్దు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఉచితం, 24 గంటలూ ఉంటుంది. ఛాతీలో బరువు, ఎడమచేతికి గానీ దవడకు గానీ పాకే నొప్పి, చెమటలు ఉంటే "గ్యాసే, టెన్షనే" అని సోడా తాగి పడుకోకుండా వెంటనే 108కి చేయండి.

బీపీ, షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు ఒంట్లో బాగుందని వాటిని సొంతంగా ఆపకూడదు. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ నోటుబుక్ కూడా పట్టుకెళ్లండి.