చావింట్లో లెక్కల పుస్తకం ఇంకొకరికి ఇవ్వండి

మా నాయన పోయిన రోజు కర్నూలులో మా వాకిట్లో అందరూ నన్నే అడుగుతున్నారు. ఫ్రీజర్ పెట్టె ఎప్పుడొస్తుంది, షామియానాకు ఎంత, తప్పెట్లవాళ్లకు ఎవరిస్తారు? ఏడవడానికి కూడా తీరిక లేదు. పూలకు రెండుసార్లు డబ్బులిచ్చామని తర్వాత తెలిసింది.

అందుకే చెబుతున్నా. కొడుకులూ కూతుళ్లూ కాకుండా బావమరిదికో, పక్కింటాయనకో డబ్బులూ చిన్న నోటుబుక్కూ ఇచ్చేయండి. ప్రతి ఖర్చూ ఆ చేతి మీదుగానే పోవాలి. పెద్ద దినానికి ఎంతమందికి వండాలో ఇంట్లోవాళ్లు ముందే ఒక మాట అనుకోండి. నలుగురూ ఏమంటారో అని అప్పు చేసి పెట్టిన భోజనం ఆ నలుగురూ వారంలో మరిచిపోతారు, వడ్డీ మాత్రం మనం కడుతూనే ఉంటాం.

మరణ నమోదు 21 రోజుల్లోపు చేయించండి. పల్లెలో పంచాయతీ కార్యదర్శి, టౌన్‌లో మున్సిపాలిటీ. పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించి, సర్టిఫికెట్ నాలుగైదు కాపీలు తీసుకోండి. బ్యాంకు, ఇన్సూరెన్స్, పొలం పాసుపుస్తకం, అన్నింటికీ అడుగుతారు.

అసలు కష్టం దినాలైపోయి చుట్టాలు బస్సెక్కాక. మూడో వారంలో కూడా మా అమ్మ పొద్దున్నే రెండు గ్లాసుల కాఫీ కలిపేది. మా పిన్ని వచ్చి పది రోజులుండింది, తర్వాత అత్త. మీరూ అలా వంతులు వేసుకోండి. నిద్రపట్టక మనసు మరీ కుంగిపోతుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితమే, తెలుగులో మాట్లాడతారు.