కొత్త ప్లాస్టరింగ్ గోడకు రంగు ఎయ్యాలంటే: మా హాల్ గోడ పొంగినంక నేర్సుకున్న సంగతులు

మాది నల్గొండ, పానగల్ దిక్కు. ఇల్లు కట్టుకున్నప్పుడు ప్లాస్టరింగ్ ఆషాఢం ఆఖరికి అయిపోయింది, శ్రావణంల గృహప్రవేశం ముహూర్తం, మధ్యల లెక్కపెడితే ఇరవై రోజులు కూడా లేవు. పెయింటర్‌ను అడిగితే "ఏం గాదు సార్, ఒక ప్రైమర్ కొట్టి ఏసేద్దాం" అన్నడు (ప్రైమర్ అంటే రంగు కింద ఏసే మొదటి పూత), నేను కూడా సరే అన్న, సుట్టాలు వచ్చేసరికి ఇల్లు మెరవాలె కదా. ఫంక్షన్ నాడు మెరిసింది కూడా. దసరా రోజు అందరికీ జమ్మి పెట్టి ఇంటికొచ్చి సోఫాల కూసున్న, ఎదురుంగ గోడ మీద కింద నుంచి రెండు జానల ఎత్తుల పెయింట్ పూరీ పొంగినట్టు పొంగి ఉంది. వేలుతోని ఒత్తితే పుటుక్కున పగిలి లోపలికెళ్ళి తెల్లటి పొడి రాలింది. మా అమ్మ చూసి "చౌడు లేసింది రా" అన్నది, అంతే, పెయింటర్ చెప్పనిది ఆమె ఒక్క ముక్కల చెప్పేసింది.

పెయింట్ కంపెనీని తిట్టుకున్న మొదట్ల, తర్వాత తెలిసింది తప్పు డబ్బాల లేదు గోడల ఉందని. లోపలి ప్లాస్టరింగ్ మామూలుగ 12 మిల్లీమీటర్లు ఉంటది, బయటిది 18 నుంచి 20. అంత పల్చటి పొర ఎండడానికి ఎన్ని రోజులు అనిపిస్తది, కానీ ఎండాల్సింది ఆ పొర ఒక్కటే కాదు, దాని ఎనక ఇటుక ఉంది. కట్టేటప్పుడు ఇటుకను నానబెడ్తరు, కట్టినంక గోడను తడుపుతరు, ప్లాస్టరింగ్‌కు ముందు మళ్ళ తడుపుతరు, అయిపోయినంక వారం పది రోజులు పొద్దుమాపు పైపుతోని కొడ్తరు, దీన్నే క్యూరింగ్ అంటరు. ఆ నీళ్ళన్నీ గోడ తాగి కూసుంటది. బయటికి రావాలంటే గోడ మొఖం మీదికెళ్ళే రావాలె, ఒట్టిగ రాదు, సిమెంటు, ఇసుక, ఇటుకల ఉన్న ఉప్పును కరిగించుకొని తెస్తది. గోడ బోసిగ ఉంటే నీళ్ళు ఆవిరైపోయి ఉప్పు పైన పొడి లెక్క మిగులుతది, బ్రష్షుతో దులిపేస్తే అయిపాయె. మనం ముందే రంగుతోని మూసేస్తే ఆ ఉప్పు రంగు ఎనకనే గడ్డకట్టి రంగును ముందుకు తోస్తది, గదే పొంగు.

మన దిక్కు ఇంకో ముచ్చట ఉంది, బోరు నీళ్ళు. కొత్త స్టీల్ బకెట్‌కు నెల తిరగకముందే తెల్లటి గార పట్టే ఊర్లు మనవి. అవే నీళ్ళు మాల్‌ల, అంటే సిమెంటు ఇసుక ముద్దల కలిపి, అవే నీళ్ళు క్యూరింగ్‌కు కొడితే గోడకు ఉప్పు తినబెట్టినట్టే. అనుమానం ఉంటే ఒక స్టీల్ పళ్ళెంల గ్లాసెడు బోరు నీళ్ళు పోసి ఎండల పెట్టున్రి, ఆవిరైనంక పళ్ళెంల ఎంత తెల్లగ మిగిలిందో చూస్తే మీకే తెలుస్తది. మంచి నీళ్ళు దొరికితే మాల్‌కైనా అవి వాడుకోవాలె. అట్లని క్యూరింగ్ మాత్రం బంద్ పెట్టొద్దు, కొందరు గోడ జల్ది ఆరుతదని రెండు రోజులకే నీళ్ళు ఆపేస్తరు, అప్పుడు ప్లాస్టరింగ్ పటుత్వం లేక గోకితే ఇసుక రాలుతది, దాని మీద బంగారం పూసినా నిలవదు.

ఎన్ని రోజులు ఆగాలె అంటే, క్యూరింగ్ ఆపినంక తక్కువల తక్కువ 28 రోజులు. ఎండకాలం, కిటికీలు తెరిచి ఉంటే నెల సరిపోవచ్చు, వానకాలంల అయితే రెండు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. రోజులు లెక్కపెట్టుడు కన్నా గోడనే అడుగుడు మంచిది. అడుగుడు ఎట్లంటే, రెండు ఫీట్లు పొడుగు రెండు ఫీట్లు ఎడల్పు ఉన్న మందపాటి ట్రాన్స్‌పరెంట్ ప్లాస్టిక్ కవర్ తీసుకొని గోడకు నాలుగు దిక్కుల టేపుతో గాలి పోకుండ అతికించి ఒక రోజు రాత్రి పగలు ఉంచాలె. మర్నాడు కవర్ లోపలి దిక్కు చుక్కలు కనపడినా, కవర్ తీసినంక అక్కడ గోడ చుట్టుపక్కల కన్నా ముదురు రంగుల కనపడినా ఇంకా నీళ్ళు ఉన్నట్టే. ఎండ తగిలే గోడకు పెట్టి పాస్ అయిందనుకోవద్దు, బాత్రూం అవతలి గోడకు, ఉత్తరం దిక్కు గోడకు, నేలకు దగ్గర పెట్టి చూడాలె, అక్కడ పాస్ అయితే ఇల్లంతా పాస్.

తడి ఒక్కటే కాదు, సున్నం గుణం కూడా ఉంది. కొత్త సిమెంటు ఘాటుగ ఉంటది, సుతారి పని చేసేటోళ్ళ చేతివేళ్ళు చూస్తే అర్థమైతది. ఉమ్మడి నల్గొండ జిల్లాల వాడపల్లి, మేళ్ళచెరువు దిక్కు సిమెంటు ఫ్యాక్టరీలు పెట్టుకున్న మనకు ఇది కొత్త ముచ్చట కాదు గానీ రంగు ఏసేటప్పుడు మర్చిపోతం. ఇంట్లనే టెస్టు చేయొచ్చు, పసుపుతోని. పసుపుల సున్నం కలిపితే ఎర్రటి పారాణి అయితది కదా, గదే లెక్క. గోడను ఒక మూలకు కొంచెం మంచి నీళ్ళతో తడిపి చిటికెడు పసుపు రాస్తే ఎర్రగ తిరుగుతది. చిక్కటి ఎరుపు వస్తే గోడ ఇంకా పచ్చిగ ఉన్నట్టు, ఇంకో నెలకు అదే గోడకు మళ్ళ రాసి చూస్తే ఎరుపు తగ్గుతుంటది, పూర్తిగ పోవాలని ఏం లేదు. ఈ ఘాటు ఉన్న గోడకు ఆయిల్ పెయింట్ మాత్రం ఎయ్యొద్దు, కిచెన్‌ల మరకలు కడుక్కోవచ్చని కొందరు ఏపిస్తరు, నూనె, కాస్టిక్ సోడా కలిస్తే సబ్బు అయినట్టే ఆయిల్ పెయింట్‌ల నూనె గోడల ఘాటు కలిసి సబ్బు లెక్క జిగటగ మారి ఊడొస్తది. ఎమల్షన్ (నీళ్ళతో కలిపే రంగు) దీనికి కొంచెం తట్టుకుంటది గానీ దాంట్ల కూడా ముదురు నీలం, చిలకపచ్చ లాంటి కొన్ని షేడ్లు పచ్చి గోడ మీద మచ్చలు మచ్చలుగ తెల్లబోతయి. మొదటి సంవత్సరం లేత రంగులతోనే గడుపుకోమని నేనైతే చెప్త.

గోడ ఆరింది అనుకుందాం. ఉప్పు ఉంటే పొడి బ్రష్షుతో దులపాలె, నీళ్ళు కొట్టి కడగొద్దు, కడిగితే ఉప్పు కరిగి మళ్ళ లోపలికే పోతది, మేము గిదే తప్పు చేసినం. దులిపి వారం ఆగి మళ్ళ చూడాలె, మళ్ళ వస్తే మళ్ళ దులపాలె, వచ్చుడు ఆగేదాక రంగు ముచ్చటే ఎత్తొద్దు. ఒక్కటే జాగల మాటిమాటికి వస్తుంటే అది కొత్త గోడ తడి కాదు, ఎక్కడనో లీకేజీ, బాత్రూం పైపో, సజ్జ మీద నిలిచిన వాన నీళ్ళో, గోడకు ఆనించి పోసిన మట్టో. అది బంద్ చేయకుండ ఏ వాటర్‌ప్రూఫ్ పెయింట్ ఏసినా పైసలు దండుగ.

తర్వాత గోడను అరచేతితో గట్టిగ రాసి చూడున్రి, చేతికి సుద్ద అంటితే దుమ్ము పోయేదాక ఎమ్రీ పేపర్ కొట్టి తుడవాలె. నీళ్ళు చిలకరిస్తే గోడ వెంటనే గుటుక్కున తాగిందంటే బాగ దాహం మీద ఉందని, తామరాకు మీద లెక్క జారిపోయిందంటే మేస్త్రి సిమెంటు పాలు తీసి అద్దం లెక్క నున్నగ చేసిండని. అద్దం లెక్క ఉన్నదానికి రంగు పట్టు దొరకదు, రాయితోనో గరుకు పేపర్‌తోనో కొంచెం గీసుకోవాలె. సన్నటి వెంట్రుక పగుళ్ళను లప్పం (గోడను నున్నగ చేసే పుట్టీ) పట్టుకుంటది, వైరింగ్ పైపుల కోసం గోడ కోసి పూడ్చిన చోట, పిల్లర్ ఇటుక కలిసే చోట పడే పగుళ్ళు మాత్రం వట్టి లప్పంతోని ఆగవు, ప్లాస్టరింగ్ అప్పుడే అక్కడ జాలీ కొట్టిస్తే మంచిగుండేది, కొట్టియ్యకపోతే పగులు వెడల్పు చేసి క్రాక్ ఫిల్లర్‌తో నింపున్రి.

లప్పం దగ్గరనే సగం ఇళ్ళు ఖరాబైతయి. కొందరు చాక్ పౌడర్ ఎక్కువ కలిపి సస్తాల పని కానిస్తరు, కొంచెం చెమ్మ తగిలిందా మెత్తబడి పొట్టు లెక్క లేస్తది. తెల్ల సిమెంటుతో చేసిన పుట్టీ వాడున్రి. బస్తా మీద తయారైన తేదీ చూడాలె, పాతబడి గడ్డలు కట్టింది తీసుకోవద్దు. దీన్ని ఏసే ముందు గోడను కొంచెం తడపాలె, అరె ఇంతసేపు ఎండాలె అని మళ్ళ తడపమంటవేంది అనొద్దు, ఇది పైపైన చిలకరించుడు అంతే, లేకుంటే పొడి గోడ పుట్టీల నీళ్ళు గుంజుకొని అది గట్టిపడకముందే ఎండి పొడైతది. కలిపింది రెండు మూడు గంటల్ల అయిపోవాలె, గట్టిపడ్డదాంట్ల నీళ్ళు పోసి మళ్ళ కలిపే పెయింటర్ ఉంటే అక్కడనే నిలబడి ఆపున్రి. రెండు పల్చటి కోట్లు, రెండు కలిపి ఒకటిన్నర మిల్లీమీటర్ దాటొద్దు, గోడ వంకరను పుట్టీతోని సరిజేద్దామనే ఆలోచనే తప్పు, అది ప్లాస్టరింగ్‌లనే సరిజేసుకోవాలె. ఆరినంక సన్న పేపర్‌తో కొట్టి ఆ పొడి మొత్తం తుడవాలె, పొడి మీదనే ప్రైమర్ కొడితే ప్రైమర్ పొడిని పట్టుకుంటది, గోడను కాదు, తర్వాత ఏదన్న టేపు అతికించి గుంజితే రంగంతా కాయితం లెక్క వస్తది.

ప్రైమర్ వాటర్ బేస్డ్ సిమెంట్ ప్రైమర్, ఘాటును తట్టుకునేదని డబ్బా మీద రాసి ఉన్నది తీసుకున్రి. ఎన్ని నీళ్ళు కలపాలె అన్నది కూడా డబ్బా మీదనే ఉంటది, పెయింటర్ అంచనా కాదు, కొలత గ్లాసుతో. మొదటి కోటు చిక్కగ ఉండొద్దు, పల్చగ ఉంటేనే గోడలోపలికి ఇంకి పట్టుకుంటది. ఎమల్షన్ రెండు కోట్లు, మధ్యల నాలుగు గంటలన్నా గ్యాప్, వానకాలంల ఇంకా ఎక్కువ. షేడ్ మిషన్ మీద కలిపిచ్చేటప్పుడు ఒక గోడకు సరిపడా ఒక్కసారే తెచ్చుకోవాలె, మధ్యల అయిపోయి మళ్ళ తెస్తే కొంచెం తేడా వచ్చి అతుకు కనపడుతది.

టైం సంగతి. ఏప్రిల్, మే నెలల్ల మన దిక్కు గోడ ముట్టుకుంటే చురుక్కుమంటది, అంత ఏడి మీద రంగు పరుచుకోకముందే ఎండిపోయి బ్రష్షు గీతలు పడతయి. బయటి గోడలకైతే ఎండను తప్పించుకుంట పోవాలె, పొద్దుగాల పడమటి గోడ, మధ్యాహ్నం దాటినంక తూర్పు గోడ. మొత్తం మీద దీపావళి నుంచి శివరాత్రి దాక మంచి కాలం, ప్లాస్టరింగ్‌ను కూడా దానికి తగ్గట్టు ముందే ముగించుకుంటే లొల్లి ఉండదు.

మరి ముహూర్తం ఆగదు కదా అంటరా. అప్పుడు నీళ్ళు కలిపిన తెల్ల ప్రైమర్ ఒక్క కోటు కొట్టి గృహప్రవేశం చేసుకున్రి. అది పల్చటి పొర కాబట్టి గోడ దాంట్లకెళ్ళి కొంచెం గాలి పీలుస్తది, ఇల్లు తెల్లగ కనపడుతది, మామిడి తోరణాలు కట్టినంక ఎవ్వరూ షేడ్ అడగరు. ఉప్పు లేస్తే దాని మీదనే కనపడుతది, దులిపి, పుట్టీ, అసలు రంగు వచ్చే సీజన్‌ల. సున్నం కొట్టుకుంటమంటే సున్నం తడి గోడకు మంచిదే గానీ తర్వాత ఎమల్షన్ ఎయ్యాలంటే ఆ సున్నం మొత్తం గోకాలె, ఆ కష్టం ఎందుకు.

మా హాల్ గోడ సంగతా, పొంగిన జాగకు చుట్టూ ఫీటు ఎక్కువ కలిపి ప్లాస్టరింగ్ కనపడేదాక గోకిచ్చి చలికాలమంతా బోసిగ వదిలేసిన, సుట్టాలొస్తే అక్కడ క్యాలెండర్ తగిలిచ్చేటోన్ని. సంక్రాంతి దాటినంక ఏసిన, ఇప్పటిదాక మళ్ళ లేవలే.

మొన్న మా బామ్మర్ది జడ్చర్లల ఇల్లు కడుతుండు, మాఘంల ముహూర్తం, లైట్ గ్రీన్ డబ్బాలు అప్పుడే తెచ్చి పెట్టుకున్నడు. నేను పోయి బాత్రూం ఎనక గోడకు ప్లాస్టిక్ కవర్ అతికిచ్చొచ్చిన. తెల్లారి ఫోన్ చేసి "బావా, లోపల చుక్కలున్నయే" అన్నడు. డబ్బాలు మూత తియ్యకుండ అటక మీద పెట్టమన్న.