కొత్త ల్యాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌డీ వేసే ముందు

మా తమ్ముడు కొత్త ల్యాప్‌టాప్‌లో వేద్దామని 1 టీబీ ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచుకునే, చిన్న పట్టీలాంటి డ్రైవ్) కొనుక్కొని హనుమకొండ వచ్చాడు. మూత తీసి పెట్టాం, పట్టింది కూడా. కానీ ఆన్ చేస్తే జాడే లేదు! తెచ్చింది సాటా రకం, స్లాటేమో ఎన్‌వీఎంఈది (ఇవి డ్రైవ్ కంప్యూటర్‌తో మాట్లాడే రెండు వేర్వేరు పద్ధతులు). ఈ పట్టీ ఆకారంలో రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి మరి. పిన్నుల అంచున రెండు గాట్లుంటే చాలావరకు సాటా, ఒక్కటే ఉంటే చాలావరకు ఎన్‌వీఎంఈ. గాట్లను నమ్ముకునే బదులు, కొనేముందే కంపెనీ సైట్‌లో మీ మోడల్ నంబరు కొట్టి స్లాటు రకం, సైజు చూసుకోండి. 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు.

పాత డ్రైవ్ తీసేసేటట్టయితే బిట్‌లాకర్ (విండోస్‌లో డ్రైవ్‌కు తాళం వేసే ఏర్పాటు) 48 అంకెల రికవరీ కీ ముందే కాగితం మీద రాసిపెట్టుకోండి. తర్వాత అడిగితే టెన్షన్.

ఇంకో సంగతి, ఎస్‌ఎస్‌డీని బిగించే బుల్లి స్క్రూ ఒక్కోసారి డబ్బాలో రాదు. మేం చౌరస్తా దాకా పోతే సెల్ రిపేర్ షాపాయన పాత డబ్బాలోంచి ఒకటి ఏరి ఇచ్చాడు, పైసలు కూడా తీసుకోలేదు.

రెండో డ్రైవ్‌గా వేస్తే విండోస్‌లో వెంటనే కనపడదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి ఇనిషియలైజ్ చేసి, ఫార్మాట్ కొట్టాలి. పాత డ్రైవ్ మీద నొక్కకండి, అంతే.