అమెరికా, యూకే కాకుండా వేరే దేశంలో ఎంఎస్ అనుకుంటున్నారా? ముందు ఇవి చూసుకోండి

బీటెక్ ఫైనలియర్ వచ్చిందంటే మన హైదరాబాద్‌లో అందరిదీ ఒకటే దారి: అమీర్‌పేటలో కోచింగ్, జీఆర్ఈ, బ్యాంక్ లోన్, వీసా కోసం చిలుకూరులో 11 ప్రదక్షిణలు. అందులో తప్పేం లేదు. కానీ తైవాన్, జపాన్, కొరియా లాంటి చోట చదివినవాళ్ళ రెజ్యూమె వేలమంది మధ్య కూడా వేరుగా కనిపిస్తుంది. అయితే అది ఊరికే రాదు, బయల్దేరడానికి ఏడాదిన్నర ముందే పని మొదలుపెట్టాలి.

ముందు చూడాల్సింది దేశం కాదు, మీ బ్రాంచ్. ఈసీఈ చదివి వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్) మీద ఇష్టముంటే తైవాన్‌లోని షిన్‌చు ఊరు చూడండి. చిప్పులు తయారుచేసే టీఎస్‌ఎంసీ కంపెనీ హెడ్డాఫీసు, 1980లో పెట్టిన సైన్స్ పార్క్, నేషనల్ త్సింగ్ హువా యూనివర్సిటీ అన్నీ అక్కడే. చిప్పులు తయారయ్యే ఊళ్ళో రెండేళ్ళు చదివి తిరిగొస్తే క్వాల్‌కామ్, ఏఎండీ, మైక్రాన్ మన దగ్గరే ఉన్నాయి, ఇంటర్వ్యూలో చెప్పడానికి మీకంటూ ఒక విషయం ఉంటుంది. కన్సల్టెన్సీలు మాత్రం ఈ పేర్లు పెద్దగా చెప్పవు, ఎందుకంటే వాటిలో చాలావాటికి డబ్బు వచ్చేది టై-అప్ ఉన్న యూనివర్సిటీలిచ్చే కమిషన్ నుంచే. యూనివర్సిటీ సైట్‌లో మీరే నేరుగా అప్లై చేయండి.

ఇక అసలు విషయం, భాష. క్లాసులు ఇంగ్లిష్‌లోనే కదా అని చాలామంది దీన్ని వదిలేస్తారు, దెబ్బతినేది అక్కడే. ఇంగ్లిష్‌తో డిగ్రీ వచ్చేస్తుంది, ఉద్యోగం రావడమే కష్టం. జపాన్‌లో చాలా కంపెనీలు జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా పరీక్షలో ఎన్2 లెవెల్ అడుగుతాయి. అన్నిటికంటే కింది లెవెల్ ఎన్5 దగ్గర మొదలుపెట్టి అక్కడిదాకా వెళ్ళడానికి ఏళ్ళు పడుతుంది కాబట్టి ఎన్4 అయినా ఇక్కడే పూర్తిచేసుకోండి. పరీక్ష ఏటా జులైలో, డిసెంబర్‌లో ఉంటుంది. తార్నాకలోని భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో జపనీస్, కొరియన్ రెండూ నేర్పుతారు. మా పిన్ని కొడుకు అలా నేర్చుకునే జపాన్ వెళ్ళాడు, మొదటి సెమిస్టర్‌లోనే పార్ట్‌టైమ్ పని దొరికింది. అక్కడ స్టూడెంట్స్‌కి పర్మిషన్ తీసుకుంటే వారానికి 28 గంటలు పనిచేసే వీలుంది.

డబ్బు సంగతి. జపాన్ ప్రభుత్వం ఇచ్చే మెక్స్ట్ స్కాలర్‌షిప్‌లో ఫీజు, నెలవారీ స్టైపెండ్, విమానం టికెట్ అన్నీ వస్తాయి. కొరియా ప్రభుత్వం ఇచ్చే జీకేఎస్ స్కాలర్‌షిప్‌లో అయితే డిగ్రీకి ముందు ఏడాది పాటు భాష కూడా వాళ్ళే నేర్పుతారు. యూరప్‌లో ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ ఉంది, కనీసం రెండు దేశాల్లో చదువు, నెలకి 1,400 యూరోలు ఇస్తారు. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులైతే తెలంగాణ ప్రభుత్వ అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి చూడండి, జపాన్, దక్షిణ కొరియా అందులో ఉన్నాయి, 20 లక్షల దాకా ఇస్తారు.

సర్టిఫికెట్ల అటెస్టేషన్ ముందే మొదలుపెట్టండి. తైవాన్‌కి అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా మన విదేశాంగ శాఖ వేసే ముద్ర) ఒక్కటే సరిపోదు, మన దేశంలో ఉన్న తైవాన్ వాళ్ళ ఆఫీసులో కూడా అటెస్ట్ చేయించాలి.

ఫీజు కట్టేముందు లింక్డ్‌ఇన్‌లో అదే కోర్సు చదివిన మనవాళ్ళని ఇద్దరు ముగ్గురిని వెతికి పట్టుకుని, చదువయ్యాక ఎన్ని నెలలకి ఏ ఉద్యోగం వచ్చిందో అడగండి. ఒక్కరూ దొరక్కపోతే ఆ కోర్సు కోసం ఇల్లు తాకట్టు పెట్టి లోన్ మాత్రం తీసుకోకండి.