భూమిని పట్టుకుని వంశాన్ని వెతకడం: తొలినాటి వర్జీనియా వీలునామాలు, దస్తావేజులు చదివే పద్ధతి

పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల అమెరికన్ కుటుంబ చరిత్రను వెతికేవారిలో చాలామంది పేరును పట్టుకుని బయలుదేరి, ఒకే కౌంటీలో (మన జిల్లా లాంటి పాలనా విభాగంలో) అదే పేరుతో నలుగురు కనబడగానే దారి తప్పుతారు. ఒక పేరు నలుగురికి ఉండవచ్చు, కాని ఒక వాగు ఒడ్డున ఉన్న కమతం మాత్రం ఒక్కటే. అందుకే ఆ భూమి ఈ మనిషికి ఎలా వచ్చింది, ఈ మనిషి నుంచి ఎవరికి ఎలా వెళ్లింది అన్న రెండు ప్రశ్నలను ప్రతి యజమాని దగ్గరా వేసుకుంటూ వెనక్కి నడవాలి. పొలం కొనేముందు లింకు దస్తావేజులు అడిగి చూసుకునే మనవాళ్లకు ఈ పని కొత్తగా అనిపించదు. అమెరికాలోని బ్రిటిష్ వలస రాజ్యాలన్నిటికీ ఒకే పద్ధతి లేదు కనుక ఇక్కడ వర్జీనియానే ఉదాహరణగా తీసుకుంటున్నాను.

మొదట తేల్చుకోవలసింది కౌంటీ. వర్జీనియాలో దస్తావేజులూ వీలునామాలూ కౌంటీ కోర్టు పుస్తకాలకు ఎక్కేవి, జనం పెరిగేకొద్దీ కౌంటీలను విడగొట్టేవారు. జార్జ్ వాషింగ్టన్ నివసించిన మౌంట్ వెర్నన్ భూమి మొదట స్టాఫోర్డ్ కౌంటీలో ఉండేది, 1731లో ప్రిన్స్ విలియం కిందికి, 1742లో ఫేర్‌ఫాక్స్ కిందికి వచ్చింది. కదలకుండా ఉన్న ఆ నేల కాగితాల కోసం మూడు కౌంటీల పుస్తకాలు తిరగేయవలసిందే. ప్రతి చోటా రాసి ఇచ్చినవారి సూచికను, రాయించుకున్నవారి సూచికను విడివిడిగా చూడాలి. మొట్టమొదటి పట్టాల కోసం రిచ్‌మండ్‌లోని లైబ్రరీ ఆఫ్ వర్జీనియాను, పుస్తకాల ఛాయాచిత్రాల కోసం ఉచితంగా లభించే ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్‌ను ఆశ్రయించవచ్చు.

ఆ మౌంట్ వెర్నన్ భూమినే కాస్త దగ్గరగా చూద్దాం. 1674లో నికొలస్ స్పెన్సర్, జాన్ వాషింగ్టన్ ఇద్దరూ కలిసి పోటోమాక్ నది ఒడ్డున 5,000 ఎకరాల పట్టా పొందారు, 1690లో దాన్ని రెండు భాగాలు చేశారు. జాన్ వాటా ఆయన కొడుకు లారెన్స్‌కు, 1698లో లారెన్స్ చనిపోయినప్పుడు వీలునామా ద్వారా పసిబిడ్డ అయిన ఆయన కూతురు మిల్‌డ్రెడ్‌కు చేరింది. 1726లో మిల్‌డ్రెడ్, ఆమె భర్త రోజర్ గ్రెగరీ కలిసి ఆ భూమిని ఆమె అన్న అగస్టీన్‌కు అమ్మారు. ఇంటిపేరునే నమ్ముకున్నవారికి ఇక్కడ గొలుసు తెగిపోయినట్టు కనబడుతుంది, ఎందుకంటే అమ్మినవాడు గ్రెగరీ, కాని గ్రెగరీ కొన్న దస్తావేజు ఎక్కడా ఉండదు. అమ్మకం ఉండి కొనుగోలు లేకపోతే ఆ భూమి వారసత్వంగానో, భార్య వైపు నుంచో వచ్చి ఉండవచ్చని గ్రహించి, భార్య తండ్రి వీలునామా కోసం వెతకాలి. నా దృష్టిలో ఈ మొత్తం విద్యకు ఆ ఖాళీయే కీలకం.

1743లో అగస్టీన్ చనిపోయాక భూమి ఆయన కొడుకు, తాత పేరే పెట్టుకున్న మరో లారెన్స్‌ది. ఈ లారెన్స్ 1752లో చనిపోతూ, భార్య ఆన్ జీవితాంతం అనుభవించాలని, తర్వాత కూతురు సారాకు, ఆమె సంతానం లేకుండా పోతే తమ్ముడు జార్జ్‌కు దక్కాలని రాశాడు. సారా 1754లో చనిపోయింది. ఆన్ అప్పటికే మళ్లీ పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. ఆ ఏడాది జార్జ్ ఆ ఆస్తిని ఆమె దగ్గర కౌలుకు తీసుకున్నాడు. 1761లో ఆన్ కన్నుమూయడంతో అతను పూర్తి యజమాని అయ్యాడు. ఆ ఏడాది దస్తావేజుల్లో ఎంత వెతికినా హక్కు ఎలా మారిందో తెలియదు, తొమ్మిదేళ్ల కిందటి వీలునామాకు వెళ్లాలి.

వీలునామా రాయకుండా చనిపోతే, 1785లో శాసనసభ చట్టం మార్చేదాకా, భూమి అంతా పెద్ద కొడుకుకే వెళ్లేది. కనుక వీలునామాలో పెద్ద కొడుకు పేరు లేకపోతే తండ్రి అతన్ని వెళ్లగొట్టాడని తీర్మానించకూడదు. అతనికి చట్టమే ఇచ్చి ఉండవచ్చు, లేదా ముందే దస్తావేజు రాసి ఉండవచ్చు. వితంతువుకు భర్త భూమిలో మూడో వంతుపై బతికినంతకాలం హక్కు ఉండేది. అందుకే భర్త భూమి అమ్మేటప్పుడు భార్యను విడిగా ప్రశ్నించి, ఇష్టపూర్వకంగా హక్కు వదులుకుంటున్నట్టు రాసుకునేవారు. ఎన్నో కుటుంబాల్లో ఆమె పేరు మిగిలింది ఆ ఒక్క వాక్యంలోనే. ఐదు షిల్లింగులకు కౌలు అంటూ ఒక కాగితం, మరుసటి రోజు తేదీతో ఇంకొకటి కనబడితే, ఆ రెండూ కలిసి ఒక్క అమ్మకమే.

బంధుత్వ పదాల దగ్గర మన తెలుగు ఖచ్చితత్వాన్ని ఆ ఇంగ్లిష్‌కు అంటగట్టకూడదు. సన్ ఇన్ లా అన్నది అల్లుడూ కావచ్చు, భార్య మొదటి పెళ్లి కొడుకూ కావచ్చు; కజిన్ అంటే మేనల్లుడు అయ్యే అవకాశమూ ఉంది; సీనియర్, జూనియర్ అన్నవి ఒకే పేరున్న ఇద్దరిలో వయసు తేడాను మాత్రమే చెప్పవచ్చు. తేదీల్లోనూ జాగ్రత్త అవసరం. 1752కు ముందు చట్టప్రకారం కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది కనుక జనవరి 1740 అన్నది డిసెంబరు 1740 తర్వాత వచ్చే నెల.

హద్దుల వర్ణనను తప్పకుండా కాగితంపై గీయండి. ఒక పోల్ పదహారున్నర అడుగులు, 160 చదరపు పోల్‌లు ఒక ఎకరం. ఓక్ చెట్టు నుంచి ఇంత దిక్కున ఇన్ని పోల్‌లు అని ఉన్న ప్రతి గీతనూ స్కేలు ప్రకారం గీసి, పక్క కమతాల పటాలతో కలిపి చూస్తే ఇరుగుపొరుగు వారెవరో తేలుతుంది. మన చెక్కుబందిలో లాగానే అక్కడా పొరుగువారు, సాక్షులు తరచుగా బంధువులే.

బానిసలుగా బతికినవారి వారసులకు ఈ కాగితాలు మరీ ముఖ్యం. 1705 నాటి వర్జీనియా చట్టం బానిసలను స్థిరాస్తిగా లెక్కగట్టింది, అందుకే వారి పేర్లు వీలునామాల్లో, ఆస్తి జాబితాల్లో భూమి పక్కనే ఉంటాయి. జార్జ్ వాషింగ్టన్ తన వీలునామాలో విముక్తి ఇవ్వగలిగింది తన సొంతమైన 123 మందికే. మరో 153 మంది భార్య మార్తా మొదటి భర్త డేనియల్ పార్క్ కస్టిస్ ఆస్తికి చెందినవారు. 1757లో అతను వీలునామా లేకుండా చనిపోవడంతో వారిపై ఆమెకు జీవితకాల హక్కే దక్కింది, ఆమె తర్వాత వారు కస్టిస్ వారసులకు పంచబడ్డారు. వారి జాడ వెతికేవారు వాషింగ్టన్ కాగితాలతో ఆగక కస్టిస్ కాగితాలకు వెళ్లాలి.

అమెరికా అంతర్యుద్ధంలో అనేక కౌంటీల పుస్తకాలు కాలిపోయాయి. మార్తా వీలునామాను ఒక సైనికుడు పట్టుకుపోగా, అది ఫేర్‌ఫాక్స్‌కు తిరిగి చేరింది 1915లో. మీరు వెతికే పుస్తకం లేకపోతే 1782 నుంచి ఉన్న భూమి శిస్తు జాబితాలను ఏడాది తర్వాత ఏడాది చూడండి. ఒకరి పేరు మీది ఎకరాలు ఉన్నట్టుండి ముగ్గురి పేర్ల మీదికి చీలిన ఏడాది దగ్గర ఆగి, ఆ ముగ్గురూ తర్వాత రాసి ఇచ్చిన దస్తావేజులను చదవండి. భూమి తమకు ఎవరి నుంచి వచ్చిందో చాలాసార్లు వాళ్లే అందులో చెప్పి ఉంటారు.