పాన్ నాబ్ తిప్పేటప్పుడు ఏమేం మారతాయి? మిక్సింగ్‌లో పానింగ్ ఎలా చేయాలి?

పాన్ నాబ్ తిప్పితే శబ్దం ఎడమకో కుడికో జరుగుతుంది, అంతేగా అనిపిస్తుంది. కానీ దాంతోపాటు ఆ ట్రాక్ ఎంత గట్టిగా వినిపిస్తుందన్నదీ మారుతుంది. మోనోలో, అంటే ఎడమ కుడి ఛానళ్లు రెండూ కలిపి ఒకటిగా వింటే, మొత్తం బ్యాలెన్సే తేడా కొట్టొచ్చు. అందుకే నాబ్ ముట్టుకోకముందే కొంత పని ఉంది.

ముందు మాస్టర్ (అన్ని ట్రాక్‌లూ కలిసే చివరి ఛానల్) మీద మోనో బటన్ నొక్కి వాల్యూమ్‌లు, ఈక్యూ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత వినిపించాలో సర్దేది) సర్దుకోండి. గిటార్, కీబోర్డ్ ఒకదాన్నొకటి కప్పేస్తుంటే ఇక్కడే దొరికిపోతాయి. చెరో పక్కకు తోసేస్తే గొడవ తీరినట్టే ఉంటుంది గానీ, ఒక్క స్పీకరే ఉన్న చోట మళ్లీ మొదలవుతుంది.

తర్వాత సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లో 'పాన్ లా' చూడండి. ఒకే శబ్దం రెండు స్పీకర్లలోంచీ వస్తే గట్టిగా వినిపిస్తుంది కాబట్టి, మధ్యలో ఉన్నప్పుడు దాన్ని 3 డెసిబెల్స్ తగ్గించడం మామూలు. 4.5, 6 కూడా ఉంటాయి. 3 పెట్టుకుంటే గదిలో స్టీరియో బాగానే ఉంటుంది. మోనోలో మాత్రం పూర్తిగా పక్కకు తోసిన వాయిద్యం, మధ్యలో ఉన్నవాటితో పోలిస్తే 3 డెసిబెల్స్ వెనకబడుతుంది. ఏదో ఒకటి ఎంచుకోండి, పాట సగంలో మాత్రం మార్చొద్దు.

ఇప్పుడు స్టీరియోలోకి రండి. ప్రధాన గొంతు, డ్రమ్స్‌లోని కిక్, స్నేర్, ఇంకా బేస్ మధ్యలోనే ఉండనివ్వండి. మిగతావాటిని జతలుగా చూడండి: ఎడమ పక్క షేకర్ ఉంటే కుడి పక్క అలాంటి చురుకైనదే ఇంకొకటి. నా మటుకు నేను అటూ ఇటూ పది శాతం జరపడం కంటే ధైర్యంగా దూరం తోయడమే ఇష్టపడతాను. కానీ హెడ్‌ఫోన్స్‌లో పూర్తిగా పక్కకు తోసింది ఒక్క చెవికే చేరి చిరాకు పెడుతుంది. అవతలి పక్క కాస్త రివర్బ్ (గదిలో మోగినట్టుండే ప్రతిధ్వని) ఇస్తే సరిపోతుంది.

అసలు దెబ్బ తగిలేది వెడల్పు కోసం వేసే ఎత్తుల దగ్గర. మొదట్లో నేను గిటార్ ట్రాక్‌ని కాపీ చేసి రెండు పక్కలా పెట్టి మురిసిపోయాను. పెరిగింది వాల్యూమే! రెండూ ఒకటే అయినప్పుడు చెవికి శబ్దం మధ్యలోనే వినిపిస్తుంది. సరే అని ఒకదాన్ని కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తే నిజంగానే వెడల్పవుతుంది. ముందు వచ్చిన వైపు నుంచే శబ్దం వస్తున్నట్టుంటుంది, దీన్నే హాస్ ఎఫెక్ట్ అంటారు. మోనో చేయగానే అవి రెండూ కలిసి కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఆలస్యం 1 మిల్లీసెకను అయితే 500, 1500, 2500 హెర్ట్జ్ దగ్గర గుంటలు పడతాయి, గిటార్ రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. ఒక పక్క పోలారిటీ తిప్పి, అంటే శబ్ద తరంగాన్ని తలకిందులు చేసి, వెడల్పు చేస్తే ఇంకా ఘోరం, మోనోలో ఆ ట్రాక్ మొత్తానికే మాయం. నిజమైన మందు ఒకటే: ఆ భాగాన్ని రెండోసారి వాయించి రికార్డ్ చేయడం.

స్టీరియో ట్రాక్‌ల దగ్గర ఇంకో చిన్న మోసం ఉంది. చాలాచోట్ల ఆ నాబ్ పాన్ కాదు, బ్యాలెన్స్. ఎడమకు తిప్పితే కుడి ఛానల్‌ని తగ్గిస్తుందంతే, పియానో పై స్వరాలు కుడి ఛానల్‌లో ఉంటే అవి పోతాయి. రెండు ఛానళ్లనూ విడివిడిగా జరిపే డ్యూయల్ పాన్ ఉంటే అది వాడండి.

చివర్లో మళ్లీ మోనో నొక్కండి. ఏదైనా ట్రాక్ కేవలం తగ్గితే ఫేడర్‌తో (వాల్యూమ్ జరిపే మీట) ఒకటి రెండు డెసిబెల్స్ ఎత్తండి. టోనే మారిపోతే మాత్రం ఫేడర్ జోలికి వెళ్లకుండా, దాని మీద ఉన్న డిలే (ఆలస్యం చేసేది) లేదా వైడెనర్ (వెడల్పు చేసేది) ప్లగిన్‌ని ఆపి చూడండి.