ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో అదుపు తప్పుతున్న పిల్లలు: లక్షణం, కారణం, ఏం చేయాలి

తల్లిదండ్రులను పిలిపించి "మీ వాడు ఎవరి మాటా వినట్లేదు" అని చెప్పే రోజు వచ్చేలోపు, కొన్ని నెలలుగా ఆ పిల్లాడు మనకు ఏదో చెబుతూనే ఉంటాడు. మనకు అది అల్లరిలా కనిపిస్తుంది, అంతే. నేను హైస్కూల్లో లెక్కలు చెప్తాను, ఎక్కువగా ఆరు నుంచి ఎనిమిది దాకా. ఐదు వరకు ఒకరిద్దరు టీచర్ల కళ్ల ముందు పెరిగిన పిల్లలు ఆరుకి రాగానే సబ్జెక్టుకొక టీచరు, పెద్ద స్కూలు, మీసాలొచ్చిన పదో తరగతి అన్నల మధ్యలో పడతారు. మనం ఎవరికి వాళ్లం "నా పీరియడ్‌లో బాగానే ఉంటాడే" అనుకుంటూ పోతే వాడి సంగతి మొత్తంగా తెలిసినవాళ్లు ఒక్కరూ ఉండరు.

ఎవరిని ముందు చూడాలో తెలియడం లేదు

క్లాసులో గోల చేసేవాళ్లే కంటికి ఆనుతారు. కాబట్టి జ్ఞాపకం మీద ఆధారపడకుండా పేర్ల పట్టీ ముందు పెట్టుకుని అందరినీ ఒకసారి చూడాలి. అమెరికా బడుల్లో స్టూడెంట్ రిస్క్ స్క్రీనింగ్ స్కేల్ అని ఒకటి వాడతారు, 1994లో వచ్చింది. ఏడే ఏడు అంశాలు: దొంగతనం, అబద్ధం లేదా మోసం, ప్రవర్తన సమస్యలు, తోటివాళ్లు దూరం పెట్టడం, చదువులో వెనకబాటు, ప్రతిదానికీ విముఖత, దూకుడు. ఒక్కోదానికి ఎప్పుడూ లేకపోతే 0, తరచూ ఉంటే 3. మొత్తం 21కి 0 నుంచి 3 వస్తే పర్వాలేదు, 4 నుంచి 8 అయితే కనిపెట్టి ఉండాలి, 9 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే వెంటనే పట్టించుకోవాలి. ఈ అంకెలు అక్కడి పిల్లలను చూసి పెట్టినవి. అందుకని మన దగ్గర వీటిని తీర్పుగా వాడకండి, ఎవరితో ముందు మాట్లాడాలో చెప్పే వరుసగా మాత్రమే తీసుకోండి. బడి తెరిచిన ఆరు వారాలకు, అంటే జూలై చివర్లో, ఇద్దరు టీచర్లు విడివిడిగా వేసి పక్కపక్కన పెట్టుకుంటే చాలా తెలుస్తుంది. ఒకరు 2 వేసి ఇంకొకరు 11 వేశారంటే సమస్య పిల్లాడిలోనే ఉందని అనుకోవడానికి లేదు, ఆ పీరియడ్‌లో ఏం జరుగుతోందో చూడాలి. ఆ కాగితం స్టాఫ్ రూం టేబుల్ మీద మాత్రం వదిలేయొద్దు.

చదవమన్నప్పుడే గొడవ మొదలవుతుంది

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నేను చూసినవాటిలో సగం ఇక్కడే తేలాయి. ఏడో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు, పక్కవాడి పెన్ను లాగడం, తోయడం, నేను అరవడం, "బయట నిలబడు" అనడం, ఇదే తంతు. ఒక సీనియర్ మేడం చెప్తే రెండు వారాలు నోట్‌బుక్‌లో మూడే మూడు విషయాలు రాశాను: ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, ఆ తర్వాత వాడికి ఏం దొరికింది. చూస్తే ప్రతిసారీ వాక్యాల్లో ఇచ్చిన లెక్కలను వరసగా ఒక్కొక్కరి చేత చదివిస్తున్నప్పుడు, తన వంతు ఇంకో ఇద్దరి తర్వాత ఉందనగా గొడవ పెట్టుకుంటున్నాడు. వాడికి కావాల్సింది బయటికి పోవడం, జూలై నుంచి సెప్టెంబరు దాకా దాన్ని నా చేతులతో నేనే ఇచ్చాను. ఇంటర్వెల్‌లో ఎవరూ లేనప్పుడు మూడో తరగతి తెలుగు పుస్తకం చదివిస్తే ఒత్తులున్న ప్రతి మాట దగ్గరా ఆగిపోయాడు.

కారణం అలా తేలితే అందరి ముందు హఠాత్తుగా లేపి చదివించడం ఆపేయండి. రేపు చదవాల్సిన రెండు లైన్లు ఈ రోజే చెప్పి పంపండి. లెక్కను జతగాడు చదివితే వీడు చేస్తాడు, మా వాడికి కూడికలు, శాతాలు నోటి మీదే వచ్చేవి, వాళ్ల నాన్న కూరగాయల బండి దగ్గర నేర్చుకున్నాడు. రోజూ ఇరవై నిమిషాలు వాడి స్థాయి పుస్తకం చదివించాలి, ఎనిమిదో తరగతి వాడి చేతికి రెండో తరగతి పుస్తకం అందరి ముందు ఇవ్వకూడదు. నెలల తరబడి నేర్పినా అక్షరాలు తారుమారవుతుంటే మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉండే భవిత కేంద్రం చూసే టీచరు (ఐఈఆర్పీ)తో మాట్లాడండి.

నిద్ర, చిరాకు, వెనక బెంచీ

ముందు ఒంటి సంగతి చూడండి. పొద్దున ఏం తిన్నావు నాన్నా అని అడగండి, రాత్రి ఫోన్ ఎంతసేపు చూశావని కూడా. బోర్డు కనపడక పక్కవాడి నోట్స్‌లోకి తొంగి చూసే పిల్లను మాటలు చెప్పే పిల్ల అనుకుంటాం. రక్తహీనత ఉన్న పిల్లలు నీరసంగా, విసుగ్గా ఉంటారు. పిల్లల ఆరోగ్య పరీక్షలకు బడికి వచ్చే ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే డాక్టర్లు వచ్చిన రోజు అందరి పేర్లూ హడావిడిగా చదివించేసి పంపకుండా, ఈ నలుగురిని ప్రత్యేకంగా చూడమని చీటీ రాసివ్వండి.

అందరి ముందు ఎదురు మాట్లాడతాడు

పన్నెండు, పదమూడేళ్ల వాడికి తోటివాళ్ల ముందు పరువు పోవడం కంటే పెద్ద కష్టం లేదు. నలభై మంది చూస్తుండగా మీరు గొంతు పెంచితే వాడు వెనక్కి తగ్గలేడు. దగ్గరికి వెళ్లి చిన్నగా ఒక్క మాట చెప్పి, జవాబు కోసం మీద నిలబడకుండా పక్కకు వెళ్లిపోండి, మిగతాది బెల్లు కొట్టాక. చెయ్యి చేసుకోవడం, అవమానించడం 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషేధం, అది సరే, దెబ్బ తిన్నవాడు ఆ రోజు నుంచి మనకు నిజం చెప్పడం మానేస్తాడు.

అస్సలు అల్లరి చేయని పిల్ల

ఏడు అంశాల పట్టీ వీళ్లను పట్టుకోలేదు. అందుకే తర్వాతి కాలంలో దానికి దిగులు, బెరుకు, ఒంటరితనం, ఆందోళన, ముఖంలో ఏ భావమూ లేకపోవడం లాంటివి కలిపారు. భోజనం దగ్గర ఒంటరిగా కూర్చునే అమ్మాయిని వారంలో రెండుసార్లు పేరు పెట్టి పలకరించండి. స్నేహితురాలు దొరికేలా జతలు మార్చండి. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసి మాట్లాడొచ్చు, టీచర్లు కూడా చేయొచ్చు, డబ్బులేం పడవు. చచ్చిపోవాలనుంది అన్న మాట వినపడితే మాత్రం రెండు వారాలు కాదు, రెండు గంటలు కూడా ఆగొద్దు, పిల్లను ఒంటరిగా వదలొద్దు.

ఉన్నట్టుండి మారిపోయాడు

మిరప కోతలు, పత్తి తీతలు అప్పుడు హాజరు పట్టీ చూడండి. వరసగా ఆబ్సెంట్లు పడి, తిరిగొచ్చాక పాఠం అందక గొడవలు మొదలైతే కారణం అదే కావచ్చు. అమ్మానాన్న వలస వెళ్లి నాయనమ్మ దగ్గర ఉంటున్నాడేమో కనుక్కోండి. చొక్కా నుంచి మత్తు కోసం పీల్చే వైట్‌నర్ వాసన వస్తే, గుట్కా మరకలు కనపడితే సంచీ వెతికి పరువు తీయకుండా ఇంట్లో పెద్దవాళ్లతోనూ హెచ్‌ఎంతోనూ మాట్లాడి డాక్టరుకు చూపించాలి. ఎవరైనా తాకితే ఉలిక్కిపడటం, ఒక మనిషి పేరెత్తితే బిగుసుకుపోవడం లాంటివి ఉంటే, పిల్ల చెప్పింది వినండి, గుచ్చి గుచ్చి అడగొద్దు, "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వొద్దు. లైంగిక వేధింపు అని అనుమానం వస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయాల్సిందే, స్కూల్లో పంచాయితీ పెట్టి తేల్చే విషయం కాదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఏ టైంలోనైనా ఫోన్ చేయొచ్చు.

కార్డు పెట్టాం, పని చేయలేదు

కనిపెట్టి ఉండాల్సిన పిల్లలకు పొద్దున కార్డు ఇచ్చి, ప్రవర్తనను బట్టి పీరియడ్‌కు 0, 1, 2 మార్కులు వేసి, సాయంత్రం చూసే పద్ధతి బాగా ఉపయోగపడుతుంది. ఎనిమిది పీరియడ్లకు 16, వాటిలో 13 దాకా రావాలనేది చివరి లక్ష్యం. ఇప్పుడు 6 వస్తున్నవాడికి మొదటి వారం 8 చాలు. పని చేయకపోతే రెండు సంగతులు చూడండి. పెద్దవాళ్ల పలకరింపు కోసం తపించే పిల్లలకు ఇది బాగా పడుతుంది, పాఠం నుంచి తప్పించుకోవాలనుకునే వాడికి కార్డు ఒక్కటే సరిపోదు, చదువు సాయం చేయాలి. రెండోది, కార్డు ఇంటికెళ్లాక వాడికి దెబ్బలు పడుతున్నాయేమో. అలాగైతే కార్డు మీద ఇంట్లోవాళ్ల సంతకం అడగడం ఆపేసి స్కూల్లోనే ఉంచుకోండి.

మార్చిలో పై తరగతి టీచరుకి ఇచ్చేటప్పుడు వాడు చేసిన తప్పుల చిట్టా కాదు, ఏం చేస్తే కుదురుగా ఉన్నాడో రాసివ్వండి. మా వాడి గురించి నేను రాసింది ఇదే: "ముందురోజు లైన్లు చెప్పండి, కిటికీ పక్కన కూర్చోబెట్టండి, శాతాల లెక్క బోర్డు మీద వీడి చేత చేయించండి."